సీటు కవరు కింద ఏముందో చూశారా?

కారు శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చెన్నై, దాని చుట్టుపక్కల పేటల నుంచే. ఇంజను గురించి ఒక్కరూ అడగలేదు. సీట్లు, ఏసీ, బెల్టులు, పిల్లలు, వాననీళ్ళు, అన్నీ కారు లోపలి సంగతులే. మైలేజీ గురించి ఎంత పట్టించుకుంటామో లోపలి సంగతుల గురించీ అంత పట్టించుకోవాలని మా కోరిక. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: కొత్త కారుకు లెదరెట్ సీటు కవర్లు వేయించాం. ఆ సాయంత్రం నుంచి మీటర్లో ఎర్రటి ఎయిర్‌బ్యాగు దీపం ఆరడం లేదు. కవర్లు వేసినతను "కొత్త బండికి అలాగే ఉంటుంది సార్, రెండు రోజుల్లో పోతుంది" అన్నాడు. నిజమేనా? – వేళచ్చేరి

కాదు. ఆ దీపం ఇగ్నిషన్ వేయగానే వెలిగి, కొన్ని సెకన్లలో దానంతటదే ఆరిపోవాలి. ఆరలేదంటే ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ యూనిట్‌కు తన తీగల్లో ఎక్కడో లోపం కనిపించిందన్నమాట. ఈ స్థితిలో బండి గుద్దుకుంటే బ్యాగులు విచ్చుకుంటాయన్న భరోసా లేదు. రెండు రోజులు ఆగే పని కాదిది.

దీపం కవర్లు వేసిన రోజే వెలిగింది కాబట్టి మా అనుమానం ముందు సీట్ల కిందికే పోతుంది. తాళం తీసేసి, టార్చి పట్టుకుని సీటు కిందికి చూడండి. పసుపుపచ్చ ప్లాస్టిక్ కనెక్టరు ఒకటి కనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగుకూ, గుద్దుకున్నప్పుడు బెల్టును లాగి బిగించే గుళికకూ వెళ్ళే తీగలకు కార్ల కంపెనీలు ఈ రంగే వాడతాయి, మెకానిక్ చూడగానే జాగ్రత్తపడాలని. సీటు కవరు ఎలాస్టిక్ తాళ్ళనూ ఇనుప కొక్కేలనూ సీటు అడుగు నుంచి లాగి కట్టేటప్పుడు ఈ కనెక్టరు సగం ఊడడం మామూలే. ఒక్కోసారి కనెక్టరు బాగానే ఉంటుంది గానీ, సీటును ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా కొక్కెం తీగను ఒరుస్తూ ఉంటుంది.

చూడండి, అంతే. కనెక్టరును మీరు నొక్కకండి, పీకకండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా అసలే వద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా మల్టీమీటరు పెట్టి చూస్తానంటే ఒప్పుకోకండి. బ్యాగును పేల్చే చిన్న మందు గుళికకు మీటరు నుంచి వెళ్ళే కొద్దిపాటి కరెంటు కూడా ప్రమాదమే. నేరుగా కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళి స్కానరు పెట్టించండి. వాళ్ళు బ్యాటరీ నెగెటివ్ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, అప్పుడు కనెక్టరు సరిచేస్తారు. కనెక్టరు సరిగ్గా కూర్చున్నా లోపం కోడు మెమరీలో ఉండిపోతుంది. చాలా బళ్ళలో దాన్ని స్కానరుతో చెరిపితేనే దీపం ఆరుతుంది.

మీరు అడగని ఇంకో సంగతి. ముందు సీట్లకు తలుపు వైపు అంచున చిన్న గుడ్డ ట్యాగు మీద "ఎయిర్‌బ్యాగ్" అని రాసి ఉందా? ఉంటే, పక్క బ్యాగు సీటు లోపల నుంచే బయటికి వస్తుంది. కంపెనీ సీటుకు అక్కడ వేసిన కుట్టు ఒత్తిడికి చిట్లిపోయేలా ఉంటుంది. దాని మీద మందమైన లెదరెట్టు, స్పాంజి, గట్టి నైలాను దారంతో రెండు వరసల కుట్టు పడితే బ్యాగు సమయానికి రాదు, లేదా పక్కకు రాకుండా వేరే దిక్కుకు తోసుకుంటుంది. పక్క నుంచి తగిలే దెబ్బకు తలుపుకూ మనిషికీ మధ్య జానెడు చోటే ఉంటుంది. అందుకే ఆ బ్యాగుకు క్షణంలో వందో వంతు కూడా విలువైనదే. కాబట్టి ఆ వైపు పూర్తిగా తెరిచి ఉన్న కవరైనా వేయాలి, లేదా మీ మోడల్‌కే చేసి చిట్లే కుట్టు పెట్టిన కవరైనా వేయాలి. కుట్టు సరిగ్గా ట్యాగు ఉన్నచోటికే రావాలి. ఎడమ సీటు కవరు కుడి సీటుకు తొడిగితే ఆ కుట్టు సీట్ల మధ్యకు పోతుంది, దేనికీ పనికిరాదు. ఇదీ చూస్తున్నాం, అందుకే చెబుతున్నాం.

వెనక సీటు కవరు బెల్టు బకెళ్ళను, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలను కప్పేసిందేమో కూడా ఈ రోజే చూసుకోండి. కప్పేసి ఉంటే అక్కడ కత్తిరించి అంచు కుట్టించండి. కవరు అందం పోతుందని మొహమాటపడకండి.

ప్రశ్న: తిరుమల నుంచి తెచ్చిన ఇత్తడి వేంకటేశ్వరస్వామి విగ్రహం డాష్‌బోర్డు ఎడమ వైపు అంటించాం. మా అబ్బాయి తీసేయమంటున్నాడు. దేవుణ్ణి తీసేయడమా? – పెరంబూరు

తీసేయక్కర్లేదండీ, చోటు మార్చండి. మీ అబ్బాయి భయపడేది స్వామిని చూసి కాదు, ఇత్తడిని చూసి. డాష్‌బోర్డు ఎడమ భాగంలో ఎక్కడో "ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్" అని అచ్చు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ మూత చీల్చుకుని బ్యాగు గంటకు 200 కి.మీ. దాటిన వేగంతో వస్తుంది. మూత మీద ఉన్న వస్తువు ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళ మొహం మీదికే వస్తుంది. అక్కడ కూర్చునేది మీరో, మీ కోడలో.

డాష్‌బోర్డు నడిమధ్య పెడితే చాలదా అని అడుగుతారు. ఎడమ వైపు బ్యాగు పెద్దది, విచ్చుకుంటే మధ్య దాకా వస్తుంది. స్క్రీను కింద, గేరు ముందున్న పల్లపు అర మంచి చోటు. విగ్రహం బొటనవేలంత, తేలికైనదై ఉండాలి. ఇత్తడి, రాయి, గాజు వద్దు. పలుచటి పటం ఇంకా మేలు. రెండువైపులా అంటుకునే టేపును నమ్ముకోకండి. కర్తరి ఎండల్లో నిలిపిన బండిలో డాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, టేపు జిగురు మెత్తబడి జారుతుంది. నెలకోసారి కదిపి చూడండి. తెచ్చిన ఇత్తడి విగ్రహాన్ని ఇంట్లో పూజగదిలో పెట్టుకోండి.

స్టీరింగు మధ్య కూడా అంతే. ఆయుధపూజ నాడు పొడి కుంకుమబొట్టు పెడితే ఇబ్బంది లేదు. రాళ్ళు పొదిగిన ఓంకారం బిళ్ళలు, లోహపు లోగోలు అంటించవద్దు. అలాంటి అలంకారపు బిళ్ళ బ్యాగుతోపాటు ఎగిరి ఒక డ్రైవరుకు ఒక కంటి చూపు పోయిందని 2023లో అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరిక ఇచ్చింది. తడి గంధం స్టార్ట్ బటను సందులోకి కారితే బటను పట్టేస్తుంది. హారతి బండి బయటే ఇవ్వండి. లోపల అగరబత్తి వెలిగించకండి.

ప్రశ్న: ఏసీ వేయగానే తడిగుడ్డ మురిగిన వాసన. నెల రోజులుగా ఎడమ వైపు కాళ్ళ దగ్గర మ్యాట్ కింద నీళ్ళు కూడా. రెండూ ఒకటేనా? గ్యాస్ నింపించమంటున్నారు. – తాంబరం

రెండూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. గ్యాస్‌కూ దీనికీ సంబంధం లేదు. చల్లదనం తగ్గనప్పుడు గ్యాస్ జోలికి పోకండి.

డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. చెన్నై గాలిలోని తేమంతా ఆ చల్లటి కాయిల్‌కు తగిలి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు కింద పళ్ళెంలో పడి, చిన్న రబ్బరు పైపు గుండా బండి అడుగు నుంచి రోడ్డు మీదికి కారాలి. ఏసీ వేసి నిలిపిన కారు కింద నీటి మడుగు కనిపిస్తే అది రోగం కాదు, ఆరోగ్యం. మీ బండి కింద ఈ మధ్య చుక్క పడటం లేదని గమనించారా? ఆ పైపులో దుమ్ము, ఆకు పొడి అడ్డుపడితే పళ్ళెం నిండి నీళ్ళు లోపలికి పొర్లుతాయి. కాయిల్ ఎప్పుడూ తడిగా ఉండి బూజు పడుతుంది. వాసన అదే.

ముందు ఆ నీళ్ళను వేలితో తాకి చూడండి. మామూలు నీళ్ళయితే పైన చెప్పిందే. జిగటగా, తియ్యటి వాసనతో, రంగుతో ఉంటే అది రేడియేటరు కూలెంట్, లోపలి గాలిని వేడిచేసే హీటరు కోర్ కారుతోందని అర్థం. అప్పుడు బండి నడపకుండా వర్క్‌షాపుకు చెప్పండి.

మామూలు నీళ్ళయితే పైపు శుభ్రం చేయించండి. బండి లిఫ్టు మీద ఎక్కించి, కింది నుంచి మెత్తని నైలాను తీగ పోనిచ్చో తక్కువ ఒత్తిడి గాలితోనో అడ్డు తీస్తారు. ఇనుప తీగతో పొడిస్తే పళ్ళెం చిల్లు పడుతుంది. అదే రోజు కాయిల్ మీద ఫోమ్ క్లీనరు కొట్టించి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయాలి. మురికి ఆ డ్రెయిన్ పైపు గుండానే బయటికొస్తుంది. అందుకే పైపు ముందు, ఫోమ్ తర్వాత. తలకిందులుగా చేస్తే మురికి నురగంతా మీ కార్పెట్ మీదికి వస్తుంది.

కేబిన్ ఫిల్టరు మాత్రం మీరే మార్చుకోవచ్చు, పది నిమిషాల పని. చాలా బళ్ళలో అది గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. బాక్సు ఖాళీ చేసి, పక్కనున్న సన్నటి ఆపుతాడును విప్పి, రెండు పక్కలనూ లోపలికి నొక్కితే బాక్సు కిందికి వాలుతుంది. వెనక పొడుగాటి మూత, దానికి రెండు క్లిప్పులు. మూత తీసి ఫిల్టరును అడ్డంగా బయటికి లాగండి. ఆకులు, దుమ్ము రాలుతాయి, కింద పాత పేపరు పరుచుకోండి. కొత్త ఫిల్టరు అంచున గాలి వెళ్ళే దిక్కుకు బాణం ఉంటుంది. పాతది ఎటు చూస్తోందో లాగే ముందే గుర్తుపెట్టుకోండి. కాగితపు ఫిల్టరును నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టకండి, పొరలు అతుక్కుపోయి గాలి ఆగిపోతుంది. ఏడాదికోసారి, లేదా 10,000 కి.మీ.కి ఒకసారి మార్చండి. మెట్రో పనుల దుమ్ములో రోజూ తిరిగేవాళ్ళయితే ఇంకా ముందే.

ఆ తర్వాత ఒక అలవాటు చేసుకోండి. ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ బటను ఆపి, బ్లోయరును మాత్రం తిరగనివ్వండి. కాయిల్ ఆరిపోతుంది. ఇది పాటిస్తే సువాసన డబ్బాల అవసరం రాదు. వాసన మీద వాసన పోయడం మాకు నచ్చని పని, జబ్బు కనబడకుండా పోతుంది.

ప్రశ్న: శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక విజయవాడ బయల్దేరుతాం. సూళ్ళూరుపేట దాటగానే నలుగురికీ ఒకటే నిద్రమత్తు. మా వారు దారిలో బండి ఆపి ఏసీ వేసుకుని ఒక గంట పడుకుంటారు. పరవాలేదా? – షోలింగనల్లూరు

మత్తుకు రాత్రి సగం కారణమైతే, ఏసీ బటను మిగతా సగం కావచ్చు. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగిన బాణం ఉన్న బటను నొక్కి ఉంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. నలుగురు వదిలే ఊపిరితో బొగ్గుపులుసు వాయువు పెరిగి తల బరువెక్కుతుంది. బండి త్వరగా చల్లబడటానికి ఆ బటను మంచిదే, లారీ పొగ వెనకా అవసరమే. రోడ్డు ఖాళీ అయ్యాక ప్రతి ఇరవై నిమిషాలకోసారి బయటి గాలికి మార్చి ఐదు నిమిషాలు ఉంచండి.

ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవడం మాత్రం దయచేసి ఈ వారంతోనే మాన్పించండి. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సైలెన్సరు గొట్టంలో కనబడని పగులున్నా, పొగ గొట్టం మూతికి గోడో గట్టో అడ్డున్నా అది నెమ్మదిగా లోపలికి చేరుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం దాని గుర్తులు. నిద్రపోయే మనిషికి ఆ గుర్తులు తెలియవు. అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో అయితే ఇంకా త్వరగా పేరుకుంటుంది.

నిద్ర వస్తే వెలుతురున్న పెట్రోలు బంకులో ఆపి, ఇంజను ఆపి, అద్దాలు రెండు వేళ్ళంత దించి ఇరవై నిమిషాలు కునుకు తీయమనండి. లేచాక రెండు నిమిషాలు నడిచి, అప్పుడు స్టీరింగు పట్టాలి. బండి పోతుండగా పక్క సీటును పడకలా వాల్చి పడుకోవడం కూడా తప్పే. సీటు వాలితే బెల్టు ఛాతీని వదిలేస్తుంది, బ్రేకు పడ్డప్పుడు మనిషి బెల్టు కిందికి జారి, అది కడుపును కోస్తుంది.

ప్రశ్న: మనవరాలికి పది నెలలు. నెల్లూరు వెళ్ళేటప్పుడు ముందు సీట్లో నేనే ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంటాను. కోడలు కారు సీటు కొంటానంటోంది. అది కట్టేసినట్టు ఉంటుంది, పాప ఏడుస్తుంది. – త్యాగరాయనగర్

అమ్మా, మీ చేతుల్లో ప్రేమకు లోటు లేదు, బలానికే హద్దు ఉంది. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. పది కిలోల పాప ఆ క్షణంలో సుమారు 140 కిలోల బరువై ముందుకు దూకుతుంది. ఏ చేతులూ ఆపలేవు. మీకు బెల్టు లేకపోతే మీ బరువు కూడా పాప మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగు.

కోడలి మాట వినండి. ఈ వయసు పాపకు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలి. పసివాళ్ళకు తల బరువెక్కువ, మెడ మెత్తన. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పంచుకుంటుంది. ఐరోపా ఆర్129 ప్రమాణం కనీసం 15 నెలల దాకా ఇలాగే ఉంచాలంటుంది. సీటు ఒప్పుకున్నంత కాలం ఇంకా ఎక్కువ ఉంచినా మంచిదే. ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన పిల్లల సీటు ఎన్నడూ పెట్టకూడదు. బ్యాగు నేరుగా సీటు వీపును, అంటే పాప తల వెనకభాగాన్ని కొడుతుంది.

బిగించేటప్పుడు ఐసోఫిక్స్ కొక్కేలు రెండూ "టక్" మని పడాలి, పచ్చ గుర్తు కనిపించాలి. పై పట్టీ గానీ నేలకు ఆనే కాలు గానీ ఉంటే అదీ వాడాలి. అది ఐచ్ఛికం కాదు. బెల్టు దూరే చోట పట్టి కుదిపితే సీటు 2.5 సెం.మీ. కంటే ఎక్కువ కదలకూడదు. పాప భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చేతికి రాకూడదు. చలికోటు, దుప్పటి పట్టీ మీదుగా కప్పాలి, కింద కాదు.

ఏడుపు మొదటి నాలుగైదు ప్రయాణాలే. ముందు ఇంట్లో హాల్లో ఆ సీటు పెట్టి అందులో ఆడించండి, తర్వాత వీధి చివరిదాకా తీసుకెళ్ళండి. నెల్లూరు దారిలో తడ దగ్గరో నాయుడుపేట దగ్గరో ఒకసారి ఆపి, బయటికి తీసి ఎత్తుకోండి. మీరు పక్కనే, మీ బెల్టు పెట్టుకుని కూర్చోండి. మోటారు వాహనాల చట్టం 194బీ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానా. వెనక సీట్లో పెద్దలకు బెల్టెందుకని అడిగేవాళ్ళకు 2022 సెప్టెంబరు 4ను గుర్తు చేస్తాం. మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో వెనక సీట్లోని ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఒక్క మాట ఇక్కడే. "ఐదు నిమిషాల్లో వస్తా" అని పసివాళ్ళను కారులో వదిలి కొట్టుకు వెళ్ళకండి. ఎండలో నిలిపిన కారు లోపల వేడి గంటలో 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం వేలెడు దించినా పెద్ద తేడా ఉండదు. తాళం లోపలుండి పాప లాక్ చేసుకుంటే 112కు ఫోను చేయండి. పాప వాడిపోతున్నట్టు కనిపిస్తే ఎవరికోసమూ ఆగకుండా, పాపకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర మొనదేలిన వస్తువుతో కొట్టండి. ముందు అద్దం జోలికి పోకండి, రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, పగిలినా ఊడదు.

ప్రశ్న: డ్రైవరు సీటు బెల్టు వదిలితే వెనక్కి పోవడం లేదు, తలుపులో పడి నలుగుతోంది. స్ప్రింగు పోయిందా? బెల్టు పెట్టుకోలేదని మోగే చప్పుడును ఆపే క్లిప్పు పెట్టి వదిలేయమంటున్నారు. – అంబత్తూరు

స్ప్రింగు కంటే మురికి మీద మా అనుమానం. చెమట, నూనె, దుమ్ము కలిసి పట్టీ మందమవుతుంది. భుజం పక్కన పట్టీ దూరే ప్లాస్టిక్ కమ్మీలో నల్లటి జిగురు పేరుకుంటుంది. చెన్నై ఉక్కలో ఏడాదిన్నరకే ఇలా అవుతుంది.

పట్టీని చివరిదాకా బయటికి లాగి, పైన బట్టల క్లిప్పుతో పట్టి ఉంచండి. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా పిల్లల షాంపూ కలిపి, పిండిన గుడ్డతో పైనుంచి కిందికి ఒకే దిక్కున తుడవండి. తర్వాత మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడవండి. కమ్మీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో శుభ్రం చేయండి. క్లిప్పు తీయకుండా రాత్రంతా నీడలో ఆరనివ్వండి. తడి పట్టీ లోపలికి పోతే బూజు పడుతుంది. బ్లీచింగు, బట్టల సబ్బు, రంగు వాడితే దారాల బలం పోతుంది. పట్టీ చుట్టుకునే చుట్ట పెట్టెలో నూనె చుక్క కూడా వేయకండి. ఇంత చేసినా వెనక్కి పోకపోతే, పట్టీ అంచు చీలినా, బండి ఒకసారి గట్టిగా గుద్దుకుని ఉన్నా బెల్టు మొత్తం మార్చాల్సిందే. లోపలి బిగింపు గుళిక ఒక్కసారికే పనిచేస్తుంది.

ఆ క్లిప్పు పారేయండి. బెల్టు అలారం ఆపే క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మే నెలలో ఐదు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలను ఆదేశించింది.

ప్రశ్న: వానలో రాత్రిపూట అద్దం తెల్లబడుతోంది. తుడిచినా పోదు. – మైలాపూరు

తెల్లదనం లోపలా బయటా అని ముందు తేల్చుకోండి. వైపరు ఒక్కసారి వేస్తే పోయిందంటే బయటిది. చల్లబడ్డ అద్దానికి బయటి తేమ పట్టింది. ఏసీ గాలిని అద్దం మీద నుంచి మళ్ళించి, చల్లదనం రెండు మూడు డిగ్రీలు తగ్గించండి. వైపరుకు పోలేదంటే లోపలిది. ఏసీ వేసి, బయటి గాలి బటనుకు మార్చి, గాలిని అద్దం మీదికి తిప్పండి. నిమిషంలో తేటపడుతుంది. చాలామంది రెండింటికీ ఒకే మందు వేస్తారు, అందుకే సగంసార్లు ఎక్కువవుతుంది.

ప్రశ్న: స్క్రీను, డాష్‌బోర్డు దేనితో తుడవాలి? – అడయారు

స్క్రీనుకు నీళ్ళతో కొద్దిగా తడిపిన మైక్రోఫైబరు గుడ్డ చాలు. స్ప్రే గుడ్డ మీద కొట్టాలి, స్క్రీను మీద కాదు. ఇళ్ళలో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణం, శానిటైజరు వద్దు. పైపూత లేచిపోయి మచ్చలు పడతాయి. డాష్‌బోర్డుకు నిగనిగలాడే సిలికాన్ పాలిష్ వేస్తే ఎండలో దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి రోడ్డు కనబడదు. అదే పాలిష్ స్టీరింగుకో పెడళ్ళకో తగిలితే జారుతుంది. శానిటైజరు సీసా, పవర్ బ్యాంకు, లైటరు ఎండలో కారులో వదలకండి.

ప్రశ్న: టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు పెడితే 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు పోతోంది. పెద్ద ఫ్యూజు వేయనా? – గూడువాంచేరి

వద్దు. 10 ఆంపియర్ల ఫ్యూజు అంటే ఆ తీగ 120 వాట్ల దాకా మోస్తుందని. మీ పంపు మీద 12 లేదా 15 ఆంపియర్లని రాసి ఉంటుంది చూడండి. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది, అదీ డాష్‌బోర్డు లోపల. తక్కువ ఆంపియర్ల పంపు కొనండి, లేదా నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం తీసుకోండి.

ప్రశ్న: సన్‌రూఫ్ మూసే ఉంది, అయినా ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో ముందు అద్దం పక్క స్తంభం దగ్గర నుంచి నీళ్ళు కారుతున్నాయి. రబ్బరు మార్చమంటున్నారు. – అన్నానగర్

రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపేలా చేయలేదు కూడా. దాటి వచ్చిన నీళ్ళు చుట్టూ ఉన్న కాలువలో పడి, నాలుగు మూలల్లోని సన్నటి గొట్టాల గుండా స్తంభాల లోపల నుంచి కిందికి పోతాయి. మీరు బండి వేపచెట్టు కింద నిలుపుతారా? అయితే ఆ గొట్టం నోట్లో వేపాకు ఈనెలు, పూత ఉంటాయి. సన్‌రూఫ్ తెరిచి, కాలువను తడిగుడ్డతో తుడిచి, ముందు మూలల్లో ఒక్కోదానికి 100 మి.లీ. నీళ్ళు సన్నగా పోయండి. అర నిమిషంలో బండి కింద, చక్రం పరిసరాల్లో నీళ్ళు కనిపించాలి. రాకపోతే కొస గుండ్రంగా ఉన్న మెత్తని నైలాను తీగను నెమ్మదిగా పోనివ్వండి. పంక్చరు షాపు గాలి పెట్టకండి. గొట్టం లోపల ఊడిపోతే పైకప్పు గుడ్డ మొత్తం దించాల్సి వస్తుంది. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి ఇది చేసుకుంటే చాలు.

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పిల్లలను సన్‌రూఫ్‌లోంచి తల బయట పెట్టి నిలబెట్టేవాళ్ళు రోజూ కనిపిస్తున్నారు. దయచేసి ఆ పని మాన్పించండి. ఒక్క బ్రేకుకు ఆ పిల్లల మెడ ఇనుప అంచుకు తగులుతుంది.

ప్రశ్న: వీధిలో నీళ్ళు నిలిచి కారు కార్పెట్ దాకా తడిసింది. ఇంజనులోకి పోలేదు. మ్యాట్లు ఆరబెట్టాం, పైకి పొడిగానే ఉంది. నడపొచ్చా? – మడిపాక్కం

ఇంకా స్టార్ట్ చేయకపోతే చేయకండి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ చెన్నైలో బళ్ళు మునిగాయి. నీళ్ళు తీశాక తొందరపడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఎయిర్‌బ్యాగు కంట్రోల్ యూనిట్ చాలా బళ్ళలో గేరు కింద, నేల మీదే ఉంటుంది. సీటు కింద కనెక్టర్లు, కార్పెట్ కింద తీగల కట్ట కూడా అక్కడే. తడిసిన కనెక్టరులోకి కరెంటు పోతే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. మూడు నెలల తర్వాత పవరు విండో ఆగుతుంది, ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

మొదట బ్యాటరీ నెగెటివ్ తీయించండి. నీటి గుర్తు కనిపించేలా లోపలా బయటా ఫోటోలు తీసి, ఏదీ కదిలించక ముందే బీమా కంపెనీకి తెలపండి. ఆ తర్వాత బండిని లాగించుకుని వర్క్‌షాపుకు పంపండి.

పైకి పొడిగా ఉండటం మోసం చేస్తుంది. కార్పెట్ అడుగున మందపాటి స్పాంజి పొర ఉంటుంది. అది నీటిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. సీట్లు ఊడదీసి, కార్పెట్ ఎత్తి, ఆ పొరను బయటికి తీసి ఎండబెట్టాలి. మురుగునీళ్ళు కలిసి ఉంటే దాన్ని మార్చడమే మేలు. సీట్లు ఊడదీసే పని ఇంట్లో పెట్టుకోకండి, మొదటి జవాబులో చెప్పిన పసుపు కనెక్టర్లే కారణం. సీటు పట్టాలను తుడిచి, గ్రీజు రాయించండి. నీళ్ళు బెల్టు చుట్ట పెట్టెను తాకాయో లేదో అడిగి తెలుసుకోండి, తాకితే బెల్టు మార్చాలి.

వర్క్‌షాపు నుంచి వచ్చాక మీరు చేసే పరీక్ష ఒకటుంది. దినపత్రికను నాలుగు మడతలు పెట్టి కార్పెట్ మీద వేసి, మడమతో గట్టిగా తొక్కి, నిమిషం తర్వాత ఎత్తి చూడండి. కాళ్ళు పెట్టే నాలుగు చోట్లా, డిక్కీలో స్టెప్నీ పల్లంలోనూ ఇలాగే చేయండి. వారం ఆగి మళ్ళీ చేయండి. అప్పుడూ కాగితం తడిసిందంటే ఆ పొర లోపలే ఉంది, తీయలేదు. బండి వెనక్కి పంపండి.